మల్లేశయ్య చెవులు

"ఆ విదేశీ ముఠాకు మనిషి ప్రాణం అక్కర్లేదు. చెవులు చాలు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్.

ఆ చెవులు మల్లేశయ్యవి. సముద్రం అడుగున సబ్‌మెరైన్ కదిలితే, చప్పుడు విని అది ఎవరిదో చెప్పగల నేవీ నిపుణుడు. ఆ చెవులు చెడితే శత్రువుల సబ్‌మెరైన్లను పసిగట్టేవాళ్లుండరు. సెలవు మీద సొంతూరు ఇబ్రహీంపట్నం వచ్చి, సాగర్ రోడ్డు పక్క వెంచర్‌లో ప్లాటు చూసొస్తానని వెళ్లి మాయమయ్యాడు.

ఏజెంట్ దుర్గేష్ డబ్బున్న ఎన్నారై వేషంలో ఆ వెంచర్‌లోనే దిగాడు. 2007 మే నెల. రాళ్లగుట్టలకు ఇంగ్లీషు పేర్లు తగిలించి అమ్ముకుంటున్న రోజులు. గూఢచారులు దాక్కోవడానికి దొంగ వెంచర్ కంటే అనువైన చోటు ఏముంటుందని ఈసడించుకున్నాడు.

"తూర్పు ఫేసింగ్ ఉందా?"

"ఉంది. కానీ గాలి రాదు," అంది సేల్స్ మేనేజర్ మరియ, నల్లకళ్లద్దాలు తీస్తూ. కోడ్ సరిపోయింది. ఆ అందగత్తె ముఠా జీతం తీసుకుంటూ మన డిపార్ట్‌మెంటుకు పనిచేసే డబుల్ ఏజెంట్.

ప్లాట్లు చూపిస్తున్నట్టు నడుస్తూ సంగతి చెప్పింది. మల్లేశయ్య ఆఫీసు వెనకున్న రేకుల షెడ్డులో ఉన్నాడు. చుట్టూ హీటర్లు. ఒంటి వేడి నలభై డిగ్రీలకు చేరగానే ముఠా డాక్టర్ క్రాస్నర్ చెవులు పగిలే సైరన్ మోగిస్తాడు.

"వేడెందుకు?"

"ఒళ్లు కాగితే అదే మోత లోపలిచెవిని ఇంకా ఎక్కువ దెబ్బతీస్తుంది. చల్లబడితే దెబ్బ తగ్గుతుంది. ఎలుకల మీద తేల్చుకున్నాడు."

"వాడి జాతి మీదే అన్నమాట," అన్నాడు దుర్గేష్.

కస్టమర్ల కూల్‌డ్రింకులున్న ఐసు టబ్బు ఎత్తుకుని షెడ్డులోకి దూరాడు. మల్లేశయ్య కుర్చీకి కట్టేసి ఉన్నాడు, మొహం కందిపోయింది. మీటరు ముప్పైతొమ్మిదిన్నర చూపిస్తోంది. దుర్గేష్ హీటర్లు తన్నేసి, ఐసంతా అతని మెడ చుట్టూ, చంకల్లో, గుండెల మీద కుమ్మరించాడు. అంకెలు దిగసాగాయి. ముప్పైతొమ్మిది. ముప్పైఎనిమిదిన్నర.

తలుపు దగ్గర క్రాస్నర్. ఆ ఎండలో కోటు, టై. చేతిలో రిమోట్. ఒక పల్లెటూరివాడి చెవుల కోసం ప్రాణాలు పోగొట్టుకుంటావా అని వెటకారంగా నవ్వి, బటన్ నొక్కాడు.

రేకులు దడదడలాడాయి. దుర్గేష్ తన చెవులు వదిలేసి, రెండు అరచేతులతో మల్లేశయ్య చెవులు గట్టిగా మూశాడు. మరుక్షణం బయట మరియ మెయిన్ స్విచ్ లాగేసింది. లోపలికొచ్చి, తెల్లబోయిన క్రాస్నర్ మెడకు పిస్టల్ ఆనించింది.

చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడని దుర్గేష్ కట్లు కోస్తూ, మనుషులను కట్టేసి ప్రయోగాలు చేసే పిరికిపందలని, కోటు తొడిగిన పందికొక్కులని లోలోపల గొణుక్కుంటున్నాననుకున్నాడు.

మల్లేశయ్య తలెత్తి చూశాడు.

"జర మెల్లగ తిట్టు తమ్మీ. నాకు మంచిగనే ఇనబడ్తుంది."