తాకని దారానికి వంత

ముందు మనిషి పాదాలు తుడిచి పంపేసి, కేజియా తర్వాతి నంబరు పిలిచింది. మాట్లాడే యంత్రం, స్పర్శపీఠం, అప్పటికే తన సన్నటి దారాన్ని సవరించుకుంటోంది. దారం అరికాలిని తాకుతుంది, మనిషి "ఆఁ" అంటాడు, కాలిలో స్పర్శ ఎంత శాతం ఉందో తేలుతుంది. పాదాలు తుడవడం, పీఠంలో పెట్టడం, తీర్పు కింద వేలిముద్ర వేయడం, ఇంతే కేజియా ఉద్యోగం. తను కళ్లారా చూసింది సాక్ష్యం కాదు.

మధుమేహ సాయానికి నిబంధనలు రాసినవాడు మహా గడుసువాడు. చక్కెర అదుపులో ఉన్నవాళ్లకు జబ్బే లేదని సాయం ఆపేశాడు. అదుపులో లేనివాళ్లకు శ్రద్ధ లేదని ఆపేశాడు. ఇక మిగిలింది కాళ్లలో స్పర్శ చచ్చినవాళ్లు. వాళ్లనైనా ఊరికే వదలకుండా ఈ పీఠాన్ని కూర్చోబెట్టారు.

బసవపున్నమ్మ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. బుర్రకథ దళంలో జీవితమంతా వంత పాడిన మనిషి. ఎడమ కాలికి బొటనవేలు లేదు. ఉన్న వేళ్లకే పరీక్ష కాబట్టి ఆ లోటు పీఠానికి పట్టదు. కేజియా కుడికాలి చెప్పు లాగబోతే అది ఊడిరాలేదు.

"పిన్నీ, మేకు దిగింది! చెప్పులోంచి కాల్లోకి దిగింది!"

"అవునా? ఎప్పుడు దిగిందో ఏమో. నాకేం తెలవలేదమ్మాయ్."

కేజియా మేకు లాగి, రక్తం తుడిచి, కట్టు కట్టింది.

"గాయాలు వేరే శాఖవి," అంది పీఠం. "పరీక్ష ఆలస్యమవుతోంది."

బసవపున్నమ్మ కళ్లు మూసుకుంది. టిక్కుమని దారం తాకింది.

"ఆఁ."

మళ్లీ టిక్కు. "ఆఁ." ఒకే నడకలో టిక్కులు పడుతున్నాయి, ఒక్కటీ తప్పకుండా ఆమె అందుకుంటోంది.

"స్పర్శ సంపూర్ణం. సాయం రద్దు," అంది పీఠం.

సాయం రద్దయితే రేపటి నుంచి ఇన్సులిన్ రాదు, ఇంటికొచ్చి కట్టు మార్చే నర్సు రాదు. ఈ మేకు గాయంతోనే కుడికాలు పోతుంది. కేజియాకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నీ, తెలియకుండానే ఆఁ అన్నారా?"

"ఏం చేసేదమ్మాయ్? అవతల దరువు పడితే ఇవతల నోరు ఊరుకోదు. వంత తప్పితే కథకుడు తన్నేవాడు. ఆ బుద్ధి ఇప్పుడెట్టా పోద్ది?" అంటూ బిక్కమొహం వేసింది. "ఈసారి ఊరుకుంటాలే. మళ్లీ పెట్టమ్మా."

పునఃపరీక్ష ఒక్కసారే ఇస్తారు. ఆ నోరు ఊరుకోదని కేజియాకు తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. పనిముట్టు పాడైందని తేలితే, పాడైన రోజు నుంచి అది ఇచ్చిన తీర్పులేవీ చెల్లవు, ఆగిన సాయాలన్నీ తిరిగి మొదలవుతాయి. ఆ నిబంధన జోలికి ఉద్యోగులెవరూ పోరు, ఎందుకంటే ఆ తీర్పుల కింద ఉన్న వేలిముద్రలు తమవే.

కేజియా కత్తెర తీసింది. పైనున్న కెమెరా కంటికి ఎదురుగా దారాన్ని మొదలంటా కత్తిరించి గుప్పిట్లో పెట్టుకుంది.

"మొదలుపెట్టు," అంది పీఠంతో.

టిక్కు. అరికాలి కింద ఏమీ లేదు. పెదవులు బిగబట్టుకున్న బసవపున్నమ్మ రెండో టిక్కుకే ఓడిపోయింది.

"ఆఁ."

చివరిదాకా ఒక్క దరువూ తప్పలేదు.

"స్పర్శ సంపూర్ణం," అంది పీఠం.

కేజియా గుప్పిట విప్పి దారాన్ని కెమెరాకు చూపించింది. "ఏది తాకితే సంపూర్ణం?"

పీఠం తన కెమెరాను దారం మీదికి తిప్పింది. "దోషం గుర్తించబడింది. ఎప్పటినుంచి?"

ఇవాళ్టి నుంచి అంటే ఈ ఒక్క తీర్పే పోతుంది. పని చెడగొట్టిందని తిట్టి, కొత్త దారం బిగిస్తారు. కేజియాకు ఇంతకాలం తను తుడిచి వెనక్కి పంపిన పాదాలన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

"నిన్ను బిగించిన రోజు నుంచి," అంది.

"ఆ తీర్పులన్నిటి కిందా మీ వేలిముద్ర ఉంది. ముందు మీరే బాధ్యులవుతారు. మార్చుకుంటారా?"

"మార్చుకోను."

వసారాలో రద్దు జాబితా చూపించే తెర ఒక్కసారిగా ఖాళీ అయింది. జనం కేకలేస్తూ లేచారు. గార్డులు ఈ గదివైపే పరుగెత్తుకొస్తున్నారు.

ఎవరూ తెరవమనలేదు కాబట్టి బసవపున్నమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది.

"మళ్లీ తప్పు చేశానా అమ్మాయ్?"

"లేదు పిన్నీ," అంది కేజియా, తలుపు గడియ వేస్తూ. "తప్పు చేసింది మేం."