ఊదితేనే కదిలే బండి

దేవిదాస్ బొలెరో తాళం తిప్పగానే స్టార్ట్ కాదు. స్టీరింగ్ పక్కన వేలాడే మిషన్ గొట్టంలో ఊదాలి. ఊపిరిలో మందు లేదని అది నమ్మితేనే ఇంజన్ కదులుతుంది. పోయినేడు కల్లు తాగి నడుపుతూ, వర్ని దారిలో కాలువ వంతెన దగ్గర సైకిల్ మీద పోతున్న సిద్దిరాములును గుద్ది, ఆగకుండా వెళ్లిపోయాడు. జైలుకు పోయి వచ్చాక, ఈ మిషన్ ఉంటేనే బండి ముట్టుకోవాలని జడ్జి షరతు పెట్టాడు. భార్య భాగ్యలక్ష్మికి మిషన్ మీద కూడా నమ్మకం లేదు. చిన్న కూతురు దీక్షితను పక్కన కూర్చోబెట్టి పంపేది. బిడ్డ చూస్తుంటే కల్లు దుకాణం ముందు ఆపడానికైనా సిగ్గుపడతాడని ఆమె ఆశ.

ఆ సాయంత్రం బోధన్‌లో వడ్లు దింపి వస్తూ వంతెన దగ్గర ఆపాడు. సిద్దిరాములు పోయి ఏడాది నిండిన రోజు. సాక పోస్తే చచ్చినవాడు శాంతిస్తాడని సీసాలో కల్లు తెచ్చుకున్నాడు. దీక్షితను బండిలోనే ఉండమని, ఆ మనిషి పడ్డచోట నేల మీద కొంచెం ధారపోశాడు. మిగిలింది తాగాడు. అది ఆచారమే కదా, ఆచారంగా తాగింది లెక్కలోకి రాదని మన దేవిదాస్ ధీమా.

మిషన్‌కు ఆ ధీమా తెలియదు. ఊదగానే ఎర్ర లైటు వెలిగింది.

మసక చీకటి పడుతోంది. రోడ్డుకు అటూ ఇటూ చెరకు ఆకులు గరగరలాడుతున్నాయి. కాలువలోంచి బురద వాసన వస్తోంది. గాలి మాత్రం లేదు.

"బిడ్డా, జెర నువ్వూదు," అన్నాడు మెల్లగా.

"తప్పు గాదా బాపూ?"

"ఇంటికి పోవాలె గద. అమ్మకు చెప్పకు."

దీక్షిత ఊదింది. ఎర్ర లైటే. మళ్లీ ఊదింది... ఎర్రదే.

దేవిదాస్ ఆమె మొహం దగ్గరికి వంగాడు. గుప్పున కొట్టింది... పులిసిన కల్లు వాసన. బిడ్డ సీసా ముట్టనేలేదు.

"ఆ దినం ఆగకపోతివి గద తమ్మీ," అంది దీక్షిత గుసగుసగా. "ఇయ్యాల ఆగినవ్."

తన తప్పుకు బిడ్డ బలవుతోందని ఏడుపు తన్నుకొచ్చింది. తాళం బండికే వదిలేసి, చీకట్లో పిల్లను గబుక్కున ఎత్తుకుని ఊరివైపు పరుగెత్తాడు. "తప్పయింది అన్నా... పిల్లను ఇడిచిపెట్టు... నన్ను తీస్కపో..." మెడ మీద పిల్ల ఊపిరి తగులుతోంది. అదే వాసన.

వెనక ఇంజన్ స్టార్టయింది.

దేవిదాస్ ఆగిపోయాడు. మందు లేని ఊపిరి ఊదితే తప్ప ఆ ఇంజన్ కదలదు. మెల్లగా వెనక్కి తిరిగాడు. బండి లోపలి నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. అది దీక్షిత గొంతే.

"బాపూ... నన్నిడిచి ఎటు పోతున్నవ్? నేనూదిన... బండి స్టార్టయింది..."

అతని మెడ చుట్టూ ఉన్న చిన్న చేతులు ఇంకాస్త బిగుసుకున్నాయి.