స్క్రీన్ కింద మిగిలిన పట్టీ

అక్క రిపేరు షాపులో టంకం వేసే ఫ్లక్స్ కాలిన వాసన ఎప్పుడూ ఉండేదే. ఆ మధ్యాహ్నం చెల్లెలి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి వీధి చప్పుడు అడ్డం రాకూడదని షట్టర్ దించేసరికి ఆ వాసన ఇంకా చిక్కబడింది. ఫ్యాను కూడా ఆపేశారు. అక్క చెమటలు కక్కుతూ ల్యాప్‌టాప్ మూతకి కొత్త స్క్రీన్ పెట్టి, చుట్టూ టేపు వేస్తోంది. కొత్తదంటే కొత్తదీ కాదు, ఆ మోడల్‌దీ కాదు. తుక్కు సామాను గోనెసంచిలో, రెండు ముక్కలుగా విరిగి పడున్న వేరే ల్యాప్‌టాప్‌లోంచి పీకింది.

పాతది ఎలా పగిలిందో వేరే చెప్పక్కర్లేదు. మొగుడుగారు దాన్నెత్తి చెల్లెలి నెత్తిన కొట్టాడు. ఆమె కట్టుబట్టలతో, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అక్క దగ్గరికి వచ్చి పడింది. అక్క ఆమెను చిన్నప్పటి నుంచీ పిచ్చుక అనే పిలుస్తుంది. తల్లి పోయాక పెంచింది తనే.

"ఇది కాస్త పొడుగైందే," అంది అక్క. "కనెక్టర్ పట్టింది గానీ, బొమ్మ కింద రెండు వేళ్ల మందాన నల్లగా మిగిలిపోతుంది. దానికి సిగ్నలే వెళ్లదు. పట్టించుకోకు."

"కనిపిస్తే చాలక్కా. ఈ ఉద్యోగం వస్తే క్వార్టర్స్ కూడా ఇస్తారు. ఆయన రాలేనంత దూరం."

"ఇక్కడుంటే మాత్రం వాడు నన్ను దాటి వస్తాడా? కంటికి రెప్పలా చూసుకోనూ?"

"చూసుకుంటావు. ఎన్నాళ్లని?"

ఆ మాట అక్కకి చివుక్కుమనిపించింది. పెంచి పెద్దచేసి ఒకసారి వాడి పాలు చేశాను, మళ్లీ ఎక్కడికో పంపాలా అని లోపల్లోపల ఉడికిపోయింది. ఆ ఉద్యోగం రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. పైకి మాత్రం స్విచ్ నొక్కి, "కూర్చో," అంది.

కెమెరాకి కనబడకుండా తను పక్కన స్టూలు వేసుకుంది. స్క్రీన్ పైసగంలో అవతలి కంపెనీ మేడమ్. కింది సగంలో పిచ్చుక ముఖం, గడ్డం దాకా. ఆ కింద నల్లటి పట్టీ.

పిచ్చుక గొంతు మొదట వణికినా తర్వాత గాడిన పడింది. "ఇంత దూరం వచ్చాక తిరిగి వెళ్లిపోవాలనిపించదు కదా?" అని మేడమ్ అడిగితే, "అస్సలు అనిపించదండీ," అని నవ్వింది కూడా.

అప్పుడు పట్టీ వెలిగింది.

ముందు మసకగా... తర్వాత స్పష్టంగా. గడ్డం దగ్గర ఆగాల్సిన బొమ్మ కిందికి కొనసాగింది. పిచ్చుక మెడ. ఆ మెడ మీద రెండు బొటనవేళ్లు.

అక్క తల తిప్పి చెల్లెల్ని చూసింది. ఆమె చుట్టూ ఎవరూ లేరు. కానీ మెడ మీద చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది. రెండు గుంటలు...

"ఆపెయ్," అని గుసగుసలాడింది. "పిచ్చుకా, ఆపెయ్."

పిచ్చుక కళ్లతోనే వద్దంది. జవాబు చెబుతూనే ఉంది. మాట మాటకీ గొంతు సన్నబడుతోంది. పెదాలు నీలమయ్యాయి. కంటి తెల్లగుడ్డులో నరం చిట్లి ఎర్రగా పాకింది. ప్రాణం పోయినా లేవనన్నట్టు బల్ల అంచు పట్టుకుంది.

"మీ దగ్గర వెలుతురు సరిగా లేనట్టుంది," అంది మేడమ్.

అక్క ఆ మెడ చుట్టూ గాలిలో తడిమింది. చేతికేమీ తగల్లేదు. వాడే. ఇక్కడికీ వచ్చాడు. స్క్రూడ్రైవర్ అందుకుని, పట్టీలో కనిపిస్తున్న బొటనవేలి మీద శక్తికొద్దీ పొడిచింది.

స్క్రీన్ ఫెటిల్లున పగిలింది. బొమ్మ పోయింది, పైన కెమెరా దీపం కూడా ఆరిపోయింది. పట్టీ పోలేదు. అందులో ఒక బొటనవేలు, గోరు చీలి, నెత్తురు కారుతూ మెడ వదిలేసింది. పిచ్చుక ఒక్క గుక్క గాలి పీల్చుకుంది.

అక్క ఎడమ చేయి భగ్గుమంది. చూసుకుంది. బొటనవేలి గోరు నిలువునా చీలి, ఎముక కనిపిస్తోంది. స్క్రూడ్రైవర్ పట్టింది కుడి చేత్తో. అది ఇంకా స్క్రీన్‌లోనే దిగబడి ఉంది. ఎడమ చేయి దాని దరిదాపులకే పోలేదు.

వాడి చేతులు కావు.

అక్క లేచింది. వెనక్కి... వెనక్కి జరిగి షట్టర్‌కి ఆనుకుంది. ఆ గదిలో చెల్లెలికి అంతకన్నా దూరం పోవడానికి చోటు లేదు.

స్పీకర్లోంచి మేడమ్ గొంతు మామూలుగానే వస్తోంది. "మీరు కనిపించడం లేదు. పర్లేదు, మీరు మాకు నచ్చారు. ఎప్పుడు చేరగలరు?"

పిచ్చుక నోరు తెరిచింది. మాట రాలేదు. తల తిప్పకుండానే, ఊపిరితో అంది:

"అక్కా... రెండో చెయ్యి కూడా తియ్యి."

అక్క కుడి చేయి ఎత్తి చూసుకుంది. ఖాళీ చేయి. ఆ ఖాళీ అరచేతిలో, వెచ్చగా, ఒక గొంతు గుటక వేసింది.

నెత్తురోడుతున్న ఎడమ చేత్తో ఆ కుడి వేళ్లని పట్టి వెనక్కి లాగింది. రాలేదు. ఇంకా లాగింది. చిటికెన వేలు పటుక్కుమని విరిగింది. మిగతావి మూసుకుంటూనే ఉన్నాయి.

"హలో, వినిపిస్తోందా?" అంది మేడమ్. "ఎప్పుడు రాగలరు?"