పదకొండుసార్లు ఎక్కిన కొండ

కబూలా తన తెల్ల యూనిఫాం తెచ్చి గ్వమాకా కుట్టుమిషను మీద పడేసింది.

"ఈ జేబులో పెన్ను పెడితే నేరుగా నేల మీద పడుతోంది. అడుగు కుట్టనే లేదు మీరు."

గ్వమాకా జేబులో వేలు పెట్టి చూశాడు. వేలు అవతల తేలి ఆమెకేసి ఊగింది.

"గాలాడుతుందని వదిలేశానండీ."

"నా పెన్నుకి గాలెందుకు?"

ఆమె ఎక్కడో దూరాన ఉన్న మ్వాంజా ఊరి నుంచి శిక్షణకి వచ్చిన నర్సు. ఈ కొండల ఊరు టుకుయూలో దిగి అయిదు నెలలైంది. ఊరంతా ఆమెని సిస్టర్ అంటుంది. గ్వమాకా మాత్రం చచ్చినా ఆ మాట అనడు. కారణమడిగితే దారం తెగిందంటూ మిషను కింద దూరతాడు.

"కబూలా అంటే ఏమిటండీ?" అన్నాడు జేబు విప్పుతూ.

"వానలో పుట్టిన పిల్ల."

"ఏడాదంతా వానపడే మా ఊళ్లో అలా పెడితే ఆడపిల్లలందరూ కబూలాలే. బళ్లో హాజరెలా వేస్తారు?"

ఆమె నవ్వేసింది. జేబు తప్పు మాఫీ అయింది. నవ్వు ఆపి వీధి చివరనున్న మబ్బులకేసి చూసింది.

"నెలాఖరుకి వెళ్లిపోతున్నాను. ఈలోగా న్గోసి కొండెక్కి పైనున్న సరస్సు చూడాలి. మీరెప్పుడైనా ఎక్కారా?"

ఎప్పుడో నిప్పులు కక్కి చల్లారిన కొండ అది. ఇప్పుడు నోటి నిండా నీళ్లు పట్టుకుని ఊరుకుంది. గ్వమాకా పుట్టి పెరిగిన ఇరవై ఆరేళ్లూ దాని కింద బంగాళాదుంపలు తిన్నాడే గానీ పైకి ఒక్క అడుగేసిన పాపాన పోలేదు. లేదని చెప్పడానికే నోరు తెరిచాడు.

"పదకొండుసార్లు" అంది నోరు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె నోటుబుక్కుతో వచ్చి బల్ల మీద కూర్చుంది.

"శనివారం వెళదాం. ఎన్నింటికి బయల్దేరాలి?"

"ఆరింటికి."

"ఇసోంగోలేలో బస్సు దిగాక అడవిదాకా ఎంత నడక?"

"కొంచెమే."

"కొంచెమంటే?"

"మాట్లాడుకుంటూ వెళితే అరగంటండీ."

ఆమె ఓసారి తలెత్తి చూసి 'రెండు గంటలు' అని రాసుకుంది.

"అడవిలో ఏముంటాయి?"

"చెట్లుంటాయి."

"అబ్బో! అడవిలో చెట్లా!" అని అదీ రాసుకుంది. "చపాతీలు నేను చేస్తాను. ఉడికించిన అరటికాయలు మీ వంతు. ఇంతకీ సరస్సు ఏ రంగులో ఉంటుంది?"

ఎవరో అనగా విన్నది గుర్తొచ్చింది. "రోజుకో రంగు."

"ఓహో, అందుకా పదకొండుసార్లు ఎక్కారు!"

వెక్కిరింతో మెచ్చుకోలో గ్వమాకాకి అంతుపట్టలేదు. గురువారం పొద్దున్నే కొట్టుకి తాళం వేసి, దారి చూసిపెట్టుకుందామని ఒక్కడే కొండకి బయల్దేరాడు.

అడవి మొదట్లో దారి చూపే అసాజిలే కేకేశాడు. "అబ్బాయ్, వాన పడింది. తోడు రానా?"

"నాకు దారి తెలుసు బాబాయ్!"

పది నిమిషాలకే కాలు జారింది. అందిన మొక్క పట్టుకున్నాడు. అది దురదగొండి. మళ్లీ జారాడు, మళ్లీ అదే మొక్క. పడుతూ లేస్తూ పైకి చేరేసరికి సరస్సు ఉండాల్సిన చోట పొగమంచు దుప్పటి కప్పుకుని పడుకుంది. అరగంట చూసి దిగొచ్చేశాడు.

శుక్రవారానికి వేళ్లు అరటిపళ్లలా వాచాయి. సూదిలో దారం ఎక్కదు. ఆమె డ్యూటీలో ఉండకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆసుపత్రికెళ్లాడు. ఆమే ఉంది.

"ఏమైంది?"

"సైకిల్ మీంచి పడ్డానండీ."

"దురదగొండి పొదలోనా?"

"అవునండీ."

"మెడ మీద కూడానా?"

"దొర్లాను."

"దొర్లి దొర్లి కొండ మీదిదాకా వెళ్లారా? జుట్టులో కొండమీది వెదురాకు ఉంది."

గ్వమాకా తల దించేశాడు. "ఒక్కసారే ఎక్కానండీ. నిన్న."

మందు రాస్తున్న చెయ్యి ఆగింది. ఆమె మొహంలో నవ్వు మాయమైంది.

"అంటే మిమ్మల్ని నమ్ముకుని అడవిలోకి వచ్చేదాన్నన్నమాట. కొండ మీది పొగమంచులో దారి తప్పితే ఏం చేసేవారు? వద్దు. శనివారం ప్రయాణం లేదు."

"ఎక్కలేదంటే ఎక్కినవాణ్ని వెతుక్కునేవారు" అన్నాడు నేలకేసి చూస్తూ. "జేబు కుట్టేశాక మా కొట్టుతో మీకింక పనేముంటుంది?"

పక్క బల్ల మీది ముసలమ్మ దగ్గి, "ఏదో ఒకటి తేల్చుకోండమ్మా, నా ఇంజెక్షన్ టైమైపోతోంది" అంది.

కబూలా అతని చెయ్యి మళ్లీ లాక్కుని, కావలసినదానికన్నా గట్టిగానే మందు రుద్దింది.

"అక్కడ దారి చూపే మనిషెవరూ లేరా?"

"అసాజిలే బాబాయి ఉన్నాడు. వస్తానంటే నేనే వద్దన్నాను."

నోటుబుక్కు తీసింది. గ్వమాకా పేరు కొట్టేసి అసాజిలే పేరు రాసింది. కింద ఇంకో వరుస చేర్చింది: 'సంచులు మోయడం – గ్వమాకా.'

శనివారం సంచులన్నీ అతనే మోశాడు. పైకెక్కేసరికి మళ్లీ పొగమంచే.

"గంటలో తేటపడుతుంది, కూర్చోండి" అని అసాజిలే రెండు చపాతీలు పట్టుకుని అంచు దాకా వెళ్లాడు.

ఇద్దరూ తడి వేరు మీద కూర్చున్నారు. గ్వమాకా ఉడికించిన అరటికాయ ముక్కొకటి ఆమె చేతిలో పెట్టాడు.

"నెలాఖరుకి వెళ్లకపోతే కుదరదా?"

"అమ్మానాన్నలకి చెప్పకుండా ఎలా ఉండిపోతాను?"

"చెబితే ఉంటారా?"

"ఎవరు చెబుతారట?"

"నేనొస్తాను మ్వాంజాకి. మిమ్మల్ని నాకిమ్మని అడుగుతాను."

కబూలా చేతిలోని అరటికాయ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"రెండు రోజుల ప్రయాణం" అంది. "దారి తెలుసా?"

"తెలీదండీ. ఒక్కసారి కూడా వెళ్లలేదు."

ఆమె పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంది. ఆ తడి ఒక్క నవ్వుదే కాదు.

"మా నాన్న పెద్దగా మాట్లాడడు. అమ్మే వెయ్యి ప్రశ్నలేస్తుంది. నువ్వేం భయపడకు."

గ్వమాకా ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నారు?"

"అమ్మ వెయ్యి ప్రశ్నలు..."

"అది కాదండీ, ఆ తరవాత."

"భయపడకు అన్నాను."

"దానికి ముందు ఓ చిన్న మాటన్నారు."

కబూలా మంచులోకి చూస్తూ, అక్కడెవరికో చెబుతున్నట్టు, "నువ్వు" అంది.

అవతల నుంచి అసాజిలే అరిచాడు. "తేటపడింది! తొందరగా రండి, మళ్లీ మూసుకుపోతుంది!"

"లే మరి" అని కబూలా అతని చెయ్యి పట్టుకుని బలంగా లాగింది.

వాచిన వేళ్లు భగ్గుమన్నాయి. గ్వమాకా కిక్కురుమనలేదు.