తొలి అడుగు సెలవు

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మడం లేదు. తుమ్మితే పిల్లవాడు ఉలిక్కిపడి, వేయబోయే తొలి అడుగును ఎక్కడ వాయిదా వేసేస్తాడోనని భయం. ఆ పిల్లవాడు, పదకొండు నెలల నిహాల్, హాల్లో పరిచిన బొంత మీద కూర్చుని తన కాలి బొటనవేలిని తీరిగ్గా పరిశీలిస్తున్నాడు. అమ్మా నాన్నా నాయనమ్మా చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు, గిలకలు ఆడించారు, బతిమాలారు. వాడు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

వాళ్ళమ్మ జోషిత కాకినాడ తీరానికి చాలా దూరంలో, సముద్రం మధ్య గాలిమరలతో కరెంటు తీసే వేదిక మీద ఇంజనీరు. బిడ్డకు నాలుగో నెల రాగానే ఉద్యోగానికి వెళ్ళక తప్పలేదు. ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడే ఇంటికి రావడం. వాడు బోర్లాపడినప్పుడు ఆమె లేదు, కూర్చున్నప్పుడు లేదు, పాకినప్పుడూ లేదు. మూడూ ఫోన్లో వచ్చిన ఫోటోల్లోనే చూసి, తోటివాళ్ళకు చూపించి, స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఇక మిగిలింది నడక. అదైనా కళ్ళారా చూడాలని ఆమె పంతం.

ఆ ఆశ పెట్టింది, వాడు పాకడం మొదలుపెట్టాక ఇంట్లో బిగించిన 'తొలిచూపు' అనే యంత్రం. చూడ్డానికి అది గోడకు బిగించే టీ కప్పంత కెమెరా. గంటకొకసారి పసివాడి ఫోటో తీస్తుంది. లక్షల కుటుంబాలు ఇచ్చిన మొదటి ఏడాది ఫోటోలు దాని కంప్యూటర్‌లో ఉన్నాయి. మన పిల్లవాడి ఫోటోలను వాటితో పోల్చి, వీడు ఫలానా వారంలో బోర్లాపడతాడు, ఫలానా వారంలో నడుస్తాడు అని ముందే నోటీసు పంపుతుంది. పదింట తొమ్మిదిసార్లు అది చెప్పినట్టే జరుగుతోంది. అందుకే కంపెనీలు కూడా దాన్ని నమ్మి, నోటీసు వచ్చిన తల్లికో తండ్రికో నాలుగు రోజులు సెలవిస్తున్నాయి. నోటీసు తప్పితే ఆ తప్పు యంత్రానిదే, సెలవు ఉద్యోగి లెక్కలో పడదు. కాకపోతే యంత్రం చేసినవాళ్ళు వచ్చి చూసి, తప్పేనని ఒప్పుకోవాలి.

అలా ఒప్పుకోవడానికే, నోటీసు అందుకుని జోషిత ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున డాక్టర్ ఫర్హానా వచ్చింది. తొలిచూపును తయారుచేసిన శాస్త్రవేత్త ఆవిడే. కర్నూలు మనిషి, మాటలు తక్కువ. బొంత పక్కనే చతికిలబడి నిహాల్ మోకాళ్ళు నొక్కి చూసింది. ఆరోగ్యంగానే ఉన్నాడనీ, నడవడానికి మాత్రం ఇంకా కొన్ని వారాలు పడుతుందనీ చెప్పింది. జోషిత ముఖం పాలిపోయింది. సాయంత్రం పడవకు ఆమె వెళ్ళిపోవాలి.

మరి యంత్రం ఎందుకు పొరబడినట్టు? ఫర్హానా తన టాబ్లెట్‌లో ఒక ప్రోగ్రాం తెరిచింది. యంత్రం ఫోటోలో ఏ భాగాన్ని చూసి తీర్పు చెప్పిందో ఆ భాగాన్ని అది ఎర్రగా వెలిగించి చూపిస్తుంది. ఎరుపు పిల్లవాడి మోకాళ్ళ మీద ఉండాలి, కాదంటే పాదాల మీద ఉండాలి. నిహాల్ కాళ్ళను యంత్రం అసలు పట్టించుకోనేలేదు. ఎరుపంతా ఫోటో మూలన, స్టూలు మీదున్న ఓ పళ్ళెం మీద ఉంది.

ఆ పళ్ళెంలో ఏమున్నాయని ఆవిడ నిహాల్ నాయనమ్మ వీరవేణిని అడిగింది.

"అరిసెలండీ," అంది వీరవేణి. "వంటింట్లో చీమలు పడతన్నాయని ఇక్కడ ఫ్యాను కింద ఆరబెట్టేను."

ఫర్హానా చాలాసేపు ఆ పళ్ళెం బొమ్మనే చూసింది. తర్వాత మిగతా కుటుంబాలు ఇచ్చిన పాత ఫోటోలు ఒక్కొక్కటే తెరిచింది. బోర్లాపడ్డ పిల్లల పక్కన బొబ్బట్లున్నాయి. కూర్చున్న పిల్లల చుట్టూ కుడుములు పేర్చి ఉన్నాయి. నడిచిన పిల్లలందరి దగ్గరా అరిసెలే. ఈ ఆనవాయితీ గురించి వీరవేణి చెబుతుంటే ఫర్హానాకు తల తిరిగినంత పనైంది. కర్నూలు వైపు ఇంత పట్టింపు లేదు. పిల్లవాడి వాలకం చూసి, ఇంకో రెండ్రోజుల్లో అడుగేస్తాడనిపించగానే ఇక్కడి పెద్దవాళ్ళు బియ్యం నానబోస్తారు. యంత్రం ఆ పళ్ళేన్ని చూసి నోటీసు పంపుతుంది. ఇన్నాళ్ళూ అది చూసింది పిల్లల్ని కాదు, నాయనమ్మల అంచనాల్ని. అవి తప్పవు కాబట్టి దానికి అంత పేరు వచ్చింది.

"మరి ఈసారి మీ అంచనా తప్పిందేంటండీ?" అని అడిగింది ఫర్హానా.

వీరవేణి కొంగు చేతికి చుట్టుకుని, విప్పి, కోడలి వైపు చూడకుండా అంది: "వాడి కోసం వండలేదండి. ఈ పిల్లకి పంపుదామని వండేను. ఆ మధ్య ఫోన్లో గొంతు బాలేదు. ఏడుత్తున్నావా అంటే జలుబన్నాది. సముద్రంలో అంత దూరం పాడవకుండా వెళ్ళేది అరిసె ఒక్కటే కదండీ."

జోషితకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఈసారి ఏ గదిలోకీ వెళ్ళలేదు, అక్కడే కూర్చుని ఏడ్చింది. అత్తగారు దగ్గరకు జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడు నిహాల్ బొటనవేలిని వదిలేసి కదిలాడు. మూడు రోజులుగా వాడు జోషిత ఎత్తుకుంటే చాలు గుక్కపట్టి ఏడ్చి, నాయనమ్మ భుజం వెతుక్కున్నవాడు. ఇప్పుడు గిలకల్ని దాటుకుని పాకుతూ వచ్చి, ఆమె ఒళ్ళోకి ఎక్కి, తడిసిన చెంప మీద అరచేత్తో తట్టాడు. ఇంకెక్కడికీ వెళ్ళే ఉద్దేశం లేనట్టు అక్కడే సర్దుకుని కూర్చున్నాడు. జోషిత ఊపిరి బిగబట్టి వాణ్ణి పొదువుకుంది.

"ఇదీ మొదటిసారేనండీ," అంది ఫర్హానాతో. "మీ యంత్రం దీన్నేమంటుంది?"

ఫర్హానా టాబ్లెట్ చూసింది. "ఏమీ అనదమ్మా. దీనికి మీవాళ్ళు ఏమీ వండరు కదా, దానికి తెలీదు."

నోటీసు తప్పని ఆవిడ ఒప్పుకుంది, ఆ నాలుగు రోజులూ జోషిత సెలవు లెక్కలో పడలేదు. లాబ్‌కి వెళ్ళి ఫోటోల్లోంచి వంటకాలన్నిటినీ చెరిపేసి చూస్తే తొలిచూపు బొమ్మా బొరుసూ వేసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఈ నిజం బయటపెడితే యంత్రం పోతుంది, దాంతో సెలవూ పోతుంది. సముద్రం మీద పనిచేసే వందలమంది తల్లిదండ్రుల మొహాలు ఫర్హానాకు కళ్ళముందు ఆడాయి. యంత్రాన్ని సరిచేస్తున్నామని పైవాళ్ళకు చెప్పింది. ఇప్పటికీ అదే చెబుతోంది.

వీరవేణి నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. పక్కింటావిడకు చెప్పింది, పక్కింటావిడ వీధికి చెప్పింది, అది వేదికవాళ్ళ ఇళ్ళన్నిటికీ పాకింది. ఆ ఏడాది వేదిక మీద పనిచేసేవాళ్ళ పిల్లలందరూ నడవబోతూనే ఉన్నారు. మెడ నిలవని పసికందుక్కూడా ఒకసారి తొలి అడుగు నోటీసు వెళ్ళింది. సముద్రపు గాలి ఎదుగుదలకు మంచిదేమోనని కంపెనీ వాళ్ళు ఒక కమిటీ వేసుకున్నారు.

వేదిక మీదికి తిరిగి వెళ్ళిన నెల తిరక్కుండానే జోషితకు మళ్ళీ నోటీసు వచ్చింది. వాడు నిజంగా గోడ పట్టుకుని నిలబడ్డాడో, అత్తగారికి మళ్ళీ తన గొంతు మీద అనుమానం వచ్చిందో తెలీదు. అడుగుదామని ఫోన్ తీసి, అడక్కుండానే పడవెక్కింది.

వచ్చిన మర్నాడు మధ్యాహ్నం నిహాల్ నడిచాడు. వాళ్ళమ్మ చాచిన చేతుల్ని తప్పించుకుని, స్టూలు మీది అరిసెల పళ్ళెం వైపు నాలుగడుగులు వేసి చతికిలబడ్డాడు. అందరూ నోళ్ళు తెరిచి చూస్తూ ఉండిపోయారు, ఫోన్ తీయాలని ఒక్కరికీ తట్టలేదు. గంటకొకసారి తీసే కెమెరా అప్పటికే ఆ గంట ఫోటో తీసేసుకుంది. అలా ఆ అడుగుకు ఎక్కడా ఫోటో లేకుండా పోయింది. జోషిత చూసింది.

ఫోటో లేదు కాబట్టి తొలిచూపు లెక్కలో నిహాల్ ఇంకా నడవనేలేదు. వాడు వీధి చివరిదాకా పరిగెత్తే రోజుల్లో కూడా, ఆ ఇంట్లో అరిసెలు వండినప్పుడల్లా తొలి అడుగు నోటీసు వెళుతోంది, జోషిత సెలవు పెట్టి వస్తోంది.