అత్తగారి డిపాజిట్ మీద కార్డు

మూడో బ్యాంకు కూడా కాదంది. ఉత్తరంలో ఉన్నవి రెండు వాక్యాలే. కోడలు నిలబడే చదివి, మడిచి, కుట్టుమిషను సొరుగులో పెట్టింది. గడప పక్కన కూర తరుగుతున్న అత్తగారు తలెత్తకుండానే అడిగింది.

"ఏమన్నారు?"

"అదే అన్నారు అత్తయ్యా. దివాలా రికార్డు ఉంటే క్రెడిట్ కార్డు ఇవ్వరట."

"దివాలా తీసింది వాడు కదా."

"హామీ సంతకం నాదే కదా అత్తయ్యా..."

అత్తగారు తరిగిన ముక్కల్నే మళ్లీ తరిగింది.

కొడుకుని ఆ వీధిలో అందరూ ప్రెస్సాయన అంటారు. ప్రెస్సు మూతపడి ఆరేళ్లయినా పేరు పోలేదు. పందొమ్మిదేళ్లు శుభలేఖలూ, బిల్లు పుస్తకాలూ అచ్చువేసి, చివర్లో కొత్త యంత్రం కోసం తెచ్చిన అప్పులో మునిగాడు. కోర్టు దివాలా ప్రకటించింది. ఇప్పుడు వేరేవాళ్ల ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం దగ్గర పనిచేస్తున్నాడు. హామీ కాగితం మీద భార్య సంతకం ఉంది కాబట్టి ఆమె పేరూ బ్యాంకుల దివాలా జాబితాలోకి ఎక్కింది. ఆ సంతకం ఎందుకు పెట్టించావని ఆమె భర్తను ఏనాడూ అడగలేదు. అతనూ చెప్పలేదు. చుట్టాలు వచ్చినప్పుడు అత్తగారు మాత్రం "ఇద్దరూ కలిసే ముంచారు" అనేది. ఆ మాటకు కోడలు మంచినీళ్ల నెపంతో లోపలికి వెళ్లిపోయేది.

ఇప్పుడు ఆసుపత్రి నుంచి నర్సుల దుస్తుల పని వచ్చింది. కుట్టి ఇస్తే అదే రోజు డబ్బిస్తారు. కానీ గుడ్డ ముందు కొనాలి. గుడ్డల కొట్టువాడు ప్రెస్సాయన ఇంటికి అరువివ్వడు. కార్డు ఉంటే ఇస్తాడు.

మర్నాడు పొద్దున అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని నిలబడింది.

"బ్యాంకుకి పద."

ఆమెకొక డిపాజిట్ ఉంది. భర్త పోయినప్పుడు వచ్చిన డబ్బు. తన చివరి ఖర్చు కోసం దాచుకుంది. 'నన్ను ఒకరి డబ్బుతో సాగనంపొద్దు' అనేది. ప్రెస్సు మునుగుతున్నప్పుడు కూడా కొడుకుని దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.

బ్యాంకు ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని వివరంగా చెప్పాడు. డబ్బు కోడలి పేరు మీదకు మార్చి డిపాజిట్ వేస్తే, దాన్ని హామీగా పెట్టుకుని కార్డిస్తారు. కార్డు ఉన్నంతకాలం డిపాజిట్ కదలదు. ఏడాది పాటు బిల్లులు సరిగ్గా కడితే మామూలు కార్డుకి అర్హత వస్తుంది. అప్పుడు డిపాజిట్ విడిచిపెడతారు.

"అంటే ఏడాది దాకా నేను చావకూడదన్నమాట" అంది అత్తగారు.

ఆఫీసరుకి నవ్వాలో వద్దో తెలియలేదు. "ఈవిడ మీకేమవుతారమ్మా?"

"కోడలు. రాసుకో, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

కార్డు వచ్చింది. కోడలు వారానికి అయిదు జతల గుడ్డ కొనేది. కుట్టి, ఆసుపత్రిలో ఇచ్చి, ఆ డబ్బుతో తిన్నగా బ్యాంకు కౌంటరుకి వెళ్లి బాకీ కట్టేసేది. బిల్లు వచ్చేదాకా ఆగేది కాదు. అప్పు అనేది తన పేరున ఒక్క రాత్రి ఎక్కువ ఉన్నా ఆమెకు అన్నం దిగేది కాదు.

ఆరో నెలలో అత్తగారు కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఎనిమిదో నెలలో కూరగాయలకని వెళ్లి, మూసేసిన ప్రెస్సు గేటు ముందు కూర్చుని కొడుకుని బయటికి పిలిచింది. డాక్టరు పరీక్షలు చేసి, మతిమరుపు ముదురుతుందేగానీ తగ్గదన్నాడు. ఆ రోజు నుంచి కోడలికి ఒకటే ధ్యాస. ఆ డబ్బు తనదని అత్తగారికి తెలిసి ఉండగానే ఆమె చేతికి అందించాలి.

పన్నెండు నెలలు నిండిన మర్నాడే బ్యాంకుకి వెళ్లింది. ఆఫీసరు తెర మీద చాలాసేపు చూశాడు.

"మీ బిల్లులన్నీ సున్నాలే ఉన్నాయమ్మా."

"ఒక్క రోజు కూడా బాకీ ఉంచలేదండి."

"అదే చెప్తున్నాను. బిల్లు తయారయ్యేలోపే కట్టేశారు. అప్పు వాడి, బిల్లు వచ్చాక గడువులో కట్టినట్టు ఒక్క నెలా లేదు. దివాలా రికార్డున్న పేరుకి పైఆఫీసులో అదే చూస్తారు. ఇకనుంచి బిల్లు రానిచ్చి కట్టండి. మళ్లీ ఏడాది చూద్దాం."

"మా అత్తగారికి ఏడాది లేదండి..."

అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కార్డు రద్దు చేస్తే డిపాజిట్ ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు. రద్దు చేస్తే గుడ్డ రాదు. గుడ్డ రాకపోతే అత్తగారి మందులు రావు. ఆమె లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం భర్త అంతా విన్నాడు. "నీకీ అప్పు భయం పెట్టింది నేనే" అన్నాడు. ఆమె కాదనలేదు. ఇద్దరూ కలిసి అత్తగారికి అన్నం తినిపించారు.

మళ్లీ పన్నెండు బిల్లులు. బిల్లు వచ్చేదాకా డబ్బు ఇంట్లోనే ఉంచుకోవడం ఆమెకు కుట్టుపని కన్నా కష్టమైంది. మొదటి బిల్లు వచ్చిన గంటలోనే వెళ్లి కట్టేసింది. నాలుగో బిల్లు నాటికి అత్తగారు 'నా డబ్బు వచ్చిందా' అని అడగడం మానేసింది. తొమ్మిదో బిల్లు నాటికి కొడుకుని 'ఏమండీ' అని పిలవసాగింది.

పదమూడో నెలలో ఉత్తరం వచ్చింది. మామూలు కార్డు మంజూరైంది. కోడలు ఆ రోజే వెళ్లి, డిపాజిట్ విడిపించి, మొత్తం అత్తగారి ఖాతాలో వేయించి, రశీదు తెచ్చి ఆమె మంచం మీద కూర్చుంది.

"అత్తయ్యా, మీ డబ్బు వచ్చేసింది. మీ పేరు మీదే ఉంది, చూడండి."

అత్తగారు కాగితాన్ని తిప్పి చూసింది. తర్వాత కోడలి ముఖం చూసింది.

"బట్టలు కుట్టే అమ్మాయివి కదూ నువ్వు?"

"అవునండీ."

"మంచిదానివి. నీకొక మాట చెప్తాను, ఎవరికీ అనకు. నాకో కోడలుంది. దానిచేత ఆ సంతకం పెట్టించింది నేనే. వాడు వద్దన్నాడు, దాన్ని ఇందులోకి లాగొద్దమ్మా అని కాళ్లు పట్టుకున్నాడు. పెట్టించకపోతే అన్నం ముట్టనని రెండు రోజులు పడుకున్నాను. అది పెట్టకపోతే హామీకి నా డబ్బు అడుగుతారేమోనని భయం. పైగా చుట్టాల ముందు దాన్నే అనేదాన్ని."

ఎనిమిదేళ్లుగా మనసులో భర్త మీద పెట్టుకున్న నింద అతనిది కాదని కోడలికి అప్పుడు తెలిసింది.

అత్తగారు రశీదు మడిచి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది దానికి చేర్చు. నేను పోయాక కాదు, ఇప్పుడే. నేనిచ్చానని మాత్రం చెప్పకు. పొగరుది, తీసుకోదు."

"అలాగేనండీ" అంది కోడలు. "చెప్పను."