మడత నిలిచే ఎర్రగుడ్డ

గుడ్డ మళ్ళీ విచ్చుకుంది.

అకైతి దాన్ని నేల మీద పరిచి సగానికి మడిచింది. మళ్ళీ సగానికి మడిచింది. అరచేత్తో గట్టిగా రుద్దింది. చెయ్యి తియ్యగానే ఆ మడత నిద్ర లేచిన పిల్లిలా ఒళ్ళు విరుచుకుంది.

"ఉండవే! ఒక్క నిమిషం కుదురుగా ఉండలేవూ?" అని గుడ్డనే కసిరింది.

ఆ ఎర్రగుడ్డ పొద్దున్నే విమానంలో వచ్చింది. మెటువా అన్నయ్య ఫోన్‌లో ఫొటో చూసి, తనే ముచ్చటపడి ఆర్డర్ పెట్టించుకుంది. మెటువా ఆమె పెదనాన్న కొడుకు, హైస్కూల్లో చదువుతున్నాడు. ఫొటోలో గుడ్డ తళతళా మెరిసింది. ఇప్పుడూ మెరుస్తూనే ఉంది. మెరవడం తప్ప ఇంకే పనీ చెయ్యనంటోంది.

శనివారం తమ్ముడు రాంగి జుట్టు కత్తిరించే వేడుక. పుట్టినప్పటి నుంచి వాడి జుట్టుకి కత్తెర తగల్లేదు. ఐదేళ్ళకే నడుం దాకా దిగింది. ఆ రోజు దాన్ని చిన్న చిన్న పాయలుగా తీసి రిబ్బన్లు కడతారు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, ఒక్కో పాయ కత్తిరించి, కానుక ఇచ్చి, వాణ్ణి ముద్దు పెట్టుకుని వెళ్తారు. వాడి కుర్చీ మీద అమ్మమ్మ కుట్టిన తీవాయెవాయె పరుస్తారు. తెల్లగుడ్డ మీద రంగుగుడ్డతో పెద్ద పెద్ద పువ్వులు వేసి కుట్టిన దుప్పటి అది. రారోటోంగా దీవిలో ఏ ఇంట్లో వేడుకైనా అది ఉండాల్సిందే.

అంతా బాగానే ఉంది కానీ రాంగికి కత్తెరంటే హడల్. వేడుక మాట ఎత్తగానే మంచం కింద దూరాడు. అమ్మ పిలిచినా రాలేదు, నాన్న పిలిచినా రాలేదు.

చివరికి అకైతి నేల మీద పడుకుని, మంచం కిందికి తల పెట్టింది. "నీకోసం దిండు కుడతా. దాని మీద ఇంత పెద్ద ఎర్రమందారం. దాని మీద కూర్చుంటే భయం వెయ్యదు."

"నువ్వే కుట్టాలి. అమ్మమ్మ కుడితే కూర్చోను," అన్నాడు రాంగి చీకట్లోంచి.

"నేనే కుడతా. ఒట్టు."

అలా ఒట్టు పెట్టిన అమ్మాయి ఇప్పుడు జారుడుగుడ్డ ముందు చతికిలబడింది. తీవాయెవాయె పువ్వుని రేకు రేకుగా కత్తిరించరు. గుడ్డని ఎనిమిది మడతలు పెట్టి ఒకే కోత కోస్తారు. విప్పితే పువ్వంతా ఒకేసారి విచ్చుకుంటుంది. మడతే నిలవకపోతే పువ్వెక్కడిది?

పట్టుదల కొద్దీ కోసేసింది. విప్పి చూసింది. ఒక రేకు పొడుగు, ఒక రేకు పొట్టి. మందారం కాదు కదా, తొక్కేసిన పీతలా ఉంది.

అప్పుడే అమ్మమ్మ లోపలికి వచ్చింది. పీతని చూసింది. అంచు పట్టుకుని పిడికిట్లో నలిపి వదిలింది. గుడ్డ మీద ఒక్క ముడత లేదు.

"ఎక్కడిదే ఇది?"

"ఆన్‌లైన్‌లో కొన్నా," అంది అకైతి తల వంచుకుని.

"మరి నన్నొక మాట అడక్కపోయావా?"

"నీకు ఆన్‌లైన్ గురించి తెలీదు కదా, అమ్మమ్మా! నువ్వు ఫోన్‌లో పేకాటేగా ఆడుకునేది."

అమ్మమ్మ పకపకా నవ్వింది. బీరువా పైనుంచి ఓ బిస్కెట్ డబ్బా దించి మూత తీసింది. లోపలంతా బొటనవేలంత గుడ్డముక్కలు. పసుపు, ఊదా, ఆకుపచ్చ, ఎన్ని రంగులో!

"ఆక్లండ్ షాపు వాళ్ళకి నేను రాస్తూనే ఉంటానే, పిచ్చిదానా. ముందు ముక్క పంపండి, తర్వాత కొంటానంటా. పోస్టులో పంపుతారు. ముక్కని నలుపుతా, మడత నిలవాలి. తడిపి తెల్లగుడ్డకి రుద్దుతా, రంగు దిగకూడదు. ఆ రెండూ చూశాకే డబ్బు కట్టేది."

అకైతి డబ్బాలో వెతికింది. ఎరుపు ముక్క ఉంది కానీ బొటనవేలంతే. దాంతో చీమకి దిండు కుట్టొచ్చు.

"ఇప్పుడు ఆర్డర్ పెడితే?"

"శనివారం లోపు రాదు. పాత దిండు ఉందిగా, అదే వేద్దాంలే."

"ఒట్టు పెట్టాను, అమ్మమ్మా," అంది అకైతి. కళ్ళు తుడుచుకుని లేచింది. "పట్నంలో వెతుకుతా."

మెటువా స్కూటర్ తీశాడు. ఆ జారుడుగుడ్డకి ఆర్డర్ నొక్కింది తన వేలే మరి.

అవరువా పట్నంలో మొదటి షాపులో ఎర్రగుడ్డలు బోలెడున్నాయి. అన్నీ పర్యాటకులు నడుముకి చుట్టుకునే పల్చటివే. అకైతి ఒకటి పిడికిట్లో నలిపింది. జారిపోయింది. ఇంకోటి నలిపింది. అదీ అంతే.

రెండో షాపులో మంచి నూలుగుడ్డలున్నాయి. ఎరుపు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ.

"ఎరుపంతా అరోరంగి వాళ్ళు ఎత్తుకుపోయారమ్మా. పండక్కి వాళ్ళ డాన్సు టీమ్ రంగు ఈ ఏడు ఎరుపు," అంది షాపావిడ.

మెటువా మొహం మాడిపోయింది. వీళ్ళది తితికవేకా. డాన్సు పోటీల్లో ఆ రెండు ఊళ్ళకీ ఉప్పూ నిప్పూ. "పద, ఇంటికి పోదాం. అరోరంగి వాళ్ళని అడగటం కంటే ఆ పీత మీద రాంగిని కూర్చోబెట్టడమే నయం."

"నువ్వు బయటే ఉండు. నేనడుగుతా."

అరోరంగి హాల్లో కుట్టుమిషన్లు గడగడలాడుతున్నాయి. అకైతి గుమ్మంలో నిలబడింది.

"ఎవరమ్మాయివే?" అని అడిగింది మధ్యలో కూర్చున్న లావుపాటి ఆవిడ. ఆవిడ పేరు మెరెయానా. ఆ ఊరి డ్రెస్సులన్నీ ఆవిడ చేతిమీదుగానే కుట్టిస్తారు.

"తితికవేకా అమ్మాయిని, అత్తా."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"గూఢచారిని పంపారర్రా!" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లున నవ్వారు. "మా డ్రెస్సులు చూసిపోవడానికొచ్చావా?"

అకైతి రెండు చేతులతో గబుక్కున కళ్ళు మూసుకుంది. "నేనేమీ చూడను. నాకు ఎర్రగుడ్డ ముక్క ఒకటి కావాలి. మా తమ్ముడి జుట్టు కత్తిరింపు. దిండు కుడతానని వాడికి ఒట్టు పెట్టాను."

నవ్వులు ఆగాయి. మెరెయానా అత్త లేచి వచ్చి ఆమె చేతులు కిందికి దించింది. "జుట్టు కత్తిరింపు మా ఇళ్ళల్లో మాత్రం జరగదా? ఇదిగో, కొత్త తాను. ఎంత కావాలో తీసుకో."

నిప్పులాంటి ఎరుపు. అకైతి అంచు నలిపింది. మడత నిలిచింది! ప్రాణం లేచొచ్చింది. ఇక తీసుకుని పరిగెత్తడమే.

కానీ రెండో పరీక్ష మిగిలే ఉంది. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, మంచినీళ్ళతో గుడ్డ అంచు తడిపి రుద్దింది. రుమాలు గులాబీరంగుకి తిరిగింది.

ఊరికే ఇస్తున్న గుడ్డ. ఇచ్చేదీ వేరే ఊరివాళ్ళు. వద్దంటే ఏమనుకుంటారో? కానీ తెల్లటి దిండు మీద ఆ గులాబీ మరకలు కళ్ళకి కట్టాయి.

"అత్తా, ఏమీ అనుకోవద్దు. ఇది రంగు దిగుతోంది. ఇది వద్దు," అంది, రుమాలు చూపిస్తూ.

మెరెయానా అత్త రుమాలు లాక్కుని వెలుతుర్లో పట్టుకుంది. "అమ్మబాబోయ్! దీన్నే తెల్ల చొక్కాల అంచులకి వేద్దామనుకున్నాం! మొదటి పాటకే చెమట పట్టి పిల్లలందరూ గులాబీ రంగులో తేలేవాళ్ళు!"

"చూశావా, శత్రువే కాపాడింది," అంది వెనకనుంచి ఒక ముసలామె. ఈసారి నవ్వులో అకైతి కూడా కలిసింది.

వాళ్ళే పాత తాను ఒకటి దించారు. నలిపితే మడత నిలిచింది. తడిపి రుద్దితే రుమాలు తెల్లగానే ఉంది. "దిండుకి ఇంతే చాలా? ఇంకొంచెం తీసుకో," అని చేతినిండా పెట్టి పంపారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ మడత పట్టుకుంటే అకైతి కత్తెర వేసింది. విప్పితే మందారం ఎనిమిది దిక్కులా విచ్చుకుంది. రాంగి చప్పట్లు కొట్టాడు. కుట్టేటప్పుడు వేళ్ళకి సూది గుచ్చుకుంది. ఒక చోట కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టింది. శుక్రవారం చీకటి పడకముందే ఆఖరి ముడి వేసింది.

శనివారం రాంగి తలనిండా రిబ్బన్లతో వచ్చి, దిండు తడిమి చూసి, "నువ్వే కుట్టావుగా?" అని ఇంకోసారి నిర్ధారించుకుని మరీ ఎక్కి కూర్చున్నాడు. చేతిలో కొబ్బరిబొండాం. మొదటి పాయ కత్తిరించడానికి అమ్మమ్మ కత్తెర పట్టుకోగానే కాస్త ఉలిక్కిపడ్డాడు. బొండాం ఒలికి నీళ్ళన్నీ దిండు మీద పడ్డాయి.

ముందు వరసలో కూర్చున్న మెరెయానా అత్త గభాల్న లేచింది. ఆవిణ్ణి పిలవకుండా ఎలా ఉంటారు మరి? "రంగు దిగిందిరా?"

రాంగి కాస్త పైకి లేచి, వెనక్కి తిరిగి తన తెల్ల నిక్కరు చూసుకున్నాడు. "దిగలేదు!" అని అందరికీ వినపడేలా అరిచి, మళ్ళీ దర్జాగా కూర్చున్నాడు. ఆ తర్వాత కత్తెరకి ఒక్కసారి కూడా భయపడలేదు.

సోమవారం మెటువా ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అకైతీ, ఈ పసుపు గుడ్డ చూడు! మన డాన్సు టీమ్‌కి అదిరిపోతుంది. ఆఫర్ సాయంత్రానికల్లా అయిపోతుందట, నొక్కెయ్యనా?"

ఫొటోలో గుడ్డ బంగారంలా మెరుస్తోంది. అకైతి వేలు ఒక్క క్షణం దాని మీద ఆగింది.

"అయిపోతే అయిపోనీ," అంటూ ఫోన్ అందుకుని షాపువాళ్ళకి రాయడం మొదలుపెట్టింది. 'నమస్కారం. ముందు ఒక చిన్న ముక్క పంపగలరా?'